తక్కువ వాట్లు, నిండైన ధ్వని: బాస్ యాంప్లిఫైయర్‌ను తనలోనే దాచుకున్న స్పీకర్

కేవలం 8 వాట్ల యాంప్లిఫైయర్ ఒక పెద్ద గదిని సంగీతంతో నింపగలదా? స్పీకర్ పెట్టెలపై వేల వాట్ల ‘పి.ఎం.పి.ఓ.’ అంకెలు చూసి అలవాటుపడిన వారికి ఇది నమ్మశక్యంగా అనిపించదు. కానీ అది సాధ్యమే. ఎందుకంటే ధ్వని తీవ్రతను నిర్ణయించేది వాట్లు మాత్రమే కాదు, స్పీకర్ సున్నితత్వం కూడా.

సున్నితత్వం అంటే?

స్పీకర్‌కు 1 వాట్ విద్యుత్తు అందించినప్పుడు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ధ్వని వినిపిస్తుందో తెలిపే కొలతే సున్నితత్వం. ఇళ్లలోని చాలా స్పీకర్లకు ఇది 86 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అలాంటి స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో దాదాపు 0.25 శాతాన్నే ధ్వనిగా మారుస్తుంది. మిగిలినదంతా వేడిగా పోతుంది. 98 డెసిబెల్స్ స్పీకర్ దాదాపు 4 శాతాన్ని ధ్వనిగా మార్చగలదు.

ధ్వని 10 డెసిబెల్స్ పెరగాలంటే విద్యుత్తు 10 రెట్లు కావాలి. 98 డెసిబెల్స్ స్పీకర్ 8 వాట్లతో 107 డెసిబెల్స్ ఇస్తుంది. అదే ధ్వని 86 డెసిబెల్స్ స్పీకర్ నుంచి రావాలంటే సుమారు 125 వాట్లు కావాలి. 1930లలో రూపొందిన ‘300బి’ వాల్వును ఒక్కదాన్నే వాడే యాంప్లిఫైయర్ ఇచ్చేది సుమారు 8 వాట్లే. దాన్ని ఇష్టపడే శ్రోతలు సున్నితమైన స్పీకర్లను వెతికేది ఇందుకే.

చిక్కంతా మంద్ర స్వరాల్లోనే

గాత్రం, వేణువు, వయొలిన్ వంటి ధ్వనులకు తేలికైన కోన్, బలమైన అయస్కాంతం, ముందు ఒక హారన్ ఉంటే అధిక సున్నితత్వం సాధించవచ్చు. డోలు, బాస్ గిటార్ వంటి మంద్ర ధ్వనులకు ఇది చాలదు. పౌనఃపున్యం సగానికి తగ్గితే, అదే తీవ్రత కోసం కోన్ 4 రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 8.5 మీటర్లు. దానికి తగిన హారన్ ఇంట్లో పట్టదు.

పెట్టె పరిమాణం, సున్నితత్వం, బాస్ లోతు - ఈ మూడింటిలో రెండింటినే ఎంచుకోగలమని చెప్పే సూత్రాన్ని ‘హాఫ్‌మన్ ఉక్కు నియమం’ అంటారు. సున్నితత్వం తగ్గకుండా బాస్ 80 నుంచి 40 హెర్ట్జ్‌కు దిగాలంటే పెట్టె 8 రెట్లు పెద్దది కావాలి.

పని పంచుకుంటే పరిష్కారం

ఈ చిక్కుకు ఇంజినీర్లు చూపిన మార్గం పని విభజన. మధ్యమ, తార స్వరాలను వినిపించే సున్నితమైన భాగాన్ని చిన్న యాంప్లిఫైయర్ నడుపుతుంది. మంద్ర స్వరాల కోన్‌కు స్పీకర్ పెట్టెలోనే వందల వాట్ల ప్రత్యేక యాంప్లిఫైయర్ అమర్చుతారు. బాస్ భాగం సున్నితత్వం తక్కువైనా ఆ లోటును ఈ వాట్లు పూడుస్తాయి. అందువల్ల పెట్టె చిన్నదిగా ఉండవచ్చు. జర్మనీకి చెందిన అవంత్‌గార్డ్ అకౌస్టిక్ హారన్ స్పీకర్లు ఈ పద్ధతికి ఒక ఉదాహరణ.

ఈ లోపలి యాంప్లిఫైయర్ స్పీకర్ తీగల నుంచే సంకేతాన్ని అందుకోగలదు. దాని ప్రవేశ అవరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి అది చిన్న యాంప్లిఫైయర్ నుంచి దాదాపు ఏ విద్యుత్తూ లాక్కోదు.

పరిమితులు

ఇలాంటి స్పీకర్‌కు గోడ ప్లగ్గు నుంచి విడిగా విద్యుత్తు కావాలి. రెండు భాగాలు కలిసే పౌనఃపున్యం వద్ద ధ్వని స్థాయి, తరంగాల దశ సరిపోలకపోతే బాస్ విడిగా మోగుతున్నట్లు వినిపిస్తుంది. సున్నితమైన స్పీకర్ యాంప్లిఫైయర్‌లోని సన్నని ‘సుయ్’ శబ్దాన్ని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెవుల భద్రత. పెద్దవారు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 98 డెసిబెల్స్ స్పీకర్ దగ్గర ఆ స్థాయి చేరడానికి వాట్‌లో చిన్న భాగమే చాలు. కాబట్టి స్పీకర్ కొనేటప్పుడు వాట్ల కంటే ముందు సున్నితత్వం అంకె చూడాలి. వినేటప్పుడు వాల్యూమ్ మీటను తగ్గించి మొదలుపెట్టాలి.