ఆర్డరు తప్పకూడదంటే... నియమాలతో పనిచేసే కంప్యూటరు



మన హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లినవాళ్లలో కొందరం వర్క్‌షాపుల్లో, కొందరం కంప్యూటర్ల ముందు పనిచేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు. ఈ రెండు చోట్లకూ సంబంధించిన విషయాన్ని ఎంచుకున్నాం. కొనేవాళ్ల అవసరాన్ని బట్టి వస్తువును కూర్చే పనిలో కంప్యూటరు ఎలా సాయపడుతుంది? దీన్ని ప్రాడక్ట్ కాన్ఫిగరేషన్ అంటారు. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ ఏది చదివేవాళ్లకైనా ఇది అక్కరకొస్తుంది. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, అర్థమవుతుంది.

1. సమస్య ఏమిటి?

సబ్బు బిళ్ల ఎవరు కొన్నా ఒకటే. బోరు మోటారు అలా కాదు. బోరు వెడల్పు ఎంత, లోతు ఎంత, నీళ్లు ఎన్ని పడ్డాయి, కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నదాన్ని బట్టి మోటారు, పంపు, కేబుల్, స్టార్టర్ అన్నీ మారతాయి.

ఒక లెక్క వేద్దాం. ఒక కంపెనీలో 8 రకాల మోటార్లు, 10 రకాల పంపులు, 2 రకాల ఫేజులు, 4 మందాల కేబుళ్లు, 10 పొడవులు, 5 రకాల స్టార్టర్లు ఉన్నాయనుకోండి. అన్నిటినీ గుణిస్తే 32,000 కూర్పులు వస్తాయి. వీటిలో చాలావాటికి పొంతన కుదరదు. కుదిరేవాటిని మాత్రమే ఏరాలి. 32,000 వరుసల పట్టిక రాసి పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. రేపు ఒక కొత్త మోటారు వస్తే ఆ పట్టిక మళ్లీ రాయాలి.

2. నియమం అంటే ఏమిటి?

ఊళ్లో మోటార్లు దించే మేస్త్రీకి ఈ పట్టిక అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు అడిగి ఏ మోటారు వెయ్యాలో చెప్పేస్తాడు. ఆయన బుర్రలో ఉన్నది పట్టిక కాదు, నియమాలు. "ఇలా ఉంటే, అలా చెయ్యి" అనే మాటలు. వాటిని కాగితం మీద పెడితే ఇలా ఉంటాయి:

(అ) బోరు కేసింగ్ 4 అంగుళాలే అయితే, 6 అంగుళాల బోరుకు చేసిన వి6 పంపు ఇవ్వకూడదు.
(ఆ) సింగిల్ ఫేజ్ కరెంటు మాత్రమే ఉంటే, 3 హెచ్.పి. దాటిన మోటారు ఇవ్వకూడదు.
(ఇ) నీటిని ఎత్తవలసిన లోతు పెరిగితే, పంపులో స్టేజీలు పెరగాలి.
(ఈ) కేబుల్ పొడవు = మోటారు దించే లోతు + బోరు నుంచి స్టార్టర్ దాకా దూరం. పొడవు పెరిగితే మందం కూడా పెరగాలి. లేకపోతే మోటారు దగ్గరికి చేరేసరికి వోల్టేజి పడిపోతుంది.
(ఉ) స్టార్టర్, మోటారు హెచ్.పి.కీ ఫేజుకూ సరిపోవాలి.

ఈ అయిదు నియమాలతోనే 32,000లో పనికిరానివి చాలావరకు ఎగిరిపోతాయి. కొత్త మోటారు వస్తే పట్టికంతా మార్చనక్కర్లేదు. దానికి సంబంధించిన ఒకటి రెండు నియమాలు చేరిస్తే చాలు. ఇదే ఈ పద్ధతిలోని బలం.

3. చరిత్రలో మొదటి పెద్ద ప్రయోగం

అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉండేది. 1977లో అది వ్యాక్స్-11/780 అనే కంప్యూటరును విడుదల చేసింది. ఈనాటి కంప్యూటరులా అది డబ్బాలో సిద్ధంగా వచ్చేది కాదు. కొనేవాళ్ల అవసరాన్ని బట్టి వందలాది రకాల భాగాల నుంచి ఏరి కూర్చాలి. ఒక కేబుల్ మరిచిపోయినా, ఒక బోర్డుకు చోటు చాలకపోయినా యంత్రం నడవదు.

ఈ పనికి ఫోర్ట్రాన్, బేసిక్ భాషల్లో ప్రోగ్రాములు రాయాలని కంపెనీ ముందే ప్రయత్నించి విఫలమైంది. అప్పుడు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని జాన్ మెక్‌డెర్మాట్ 1978లో మరో దారి పట్టారు. అనుభవజ్ఞులైన సాంకేతిక నిపుణులను అడిగి, వాళ్లు పాటించే నియమాలను ఓపీఎస్ అనే నియమాల భాషలో రాశారు. ఆ ప్రోగ్రాముకు ఆర్1 అని పేరు పెట్టారు. తర్వాత ఎక్స్‌కాన్ అన్నారు.

1979 చివర్లో దానికి 50 ఆర్డర్లు ఇచ్చి పరీక్షించారు. వచ్చిన ఫలితాలను నిపుణులు కూర్చుని పరిశీలించారు. తప్పు దొరికిన చోట నియమం సవరించారు. 1980లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని సేలం ఫ్యాక్టరీలో అది పనిలోకి దిగింది. 1986 నాటికి 80,000 ఆర్డర్లు చూసింది. 95 నుంచి 98 శాతం వరకు సరిగ్గా చేసింది. దానివల్ల ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు మిగులుతున్నాయని అంచనా వేశారు.

మనం గర్వంగా చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. అదే విశ్వవిద్యాలయంలో 1969 నుంచి ఆచార్యులుగా ఉన్నవారు రాజ్‌రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లెటూరి నుంచి అక్కడిదాకా దారి ఉందని ఆయన జీవితమే చెబుతుంది.

4. కంప్యూటరు లోపల ఏం జరుగుతుంది?

మూడు భాగాలుంటాయి. మొదటిది, ఆర్డరు గురించి ఇప్పటిదాకా తెలిసిన సమాచారం. రెండోది, నియమాల సంచి. మూడోది, నియమాలను నడిపే యంత్రాంగం. ఇప్పుడున్న సమాచారానికి ఏ నియమాలు వర్తిస్తాయో ఈ యంత్రాంగం వెతుకుతుంది. ఒకదాన్ని ఎంచుకుని అమలు చేస్తుంది. దాంతో సమాచారం మారుతుంది. మళ్లీ వెతుకుతుంది. వర్తించే నియమం ఇక లేదనేదాకా ఇలా సాగుతుంది.

రెండు నియమాలు ఒకేసారి వర్తిస్తే? సాధారణంగా ఎక్కువ షరతులున్న నియమానికి ముందు చోటిస్తారు. "వాన పడితే గొడుగు పట్టు" కంటే "వాన పడి, గాలి కూడా ఉంటే ఆగు" అనేది సందర్భానికి దగ్గరగా ఉంటుంది కదా.

మంచి సాఫ్ట్‌వేరు "కుదరదు" అని ఊరుకోదు, కారణం కూడా చెబుతుంది. సింగిల్ ఫేజ్ ఉన్న రైతు 5 హెచ్.పి. అడిగితే "నియమం (ఆ) ప్రకారం కుదరదు, త్రీ ఫేజ్ తీసుకోండి లేదా 3 హెచ్.పి.కి దిగండి" అని రెండు దారులూ చూపించాలి.

5. కష్టం ఎక్కడ వచ్చింది?

వందలతో మొదలైన ఎక్స్‌కాన్ నియమాలు 1989 నాటికి 10,000 దాటాయి. కొత్త భాగం వచ్చినప్పుడల్లా నియమాలు మార్చాలి. ఒకటి మారిస్తే మరెక్కడో ఇంకొకటి దెబ్బతినేది. అందుకే నియమాలను గుంపులుగా విడదీసి, ఒక క్రమంలో రాసే పద్ధతులు తెచ్చారు. తర్వాతి తరం సాఫ్ట్‌వేర్లు వస్తువు వివరాలను ఒకచోట, వాటి మధ్య పొంతన షరతులను మరోచోట ఉంచుతున్నాయి. ఈనాడు పెద్ద కంపెనీలు వాడే శాప్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ పని కోసం వేరియంట్ కాన్ఫిగరేషన్ అనే విభాగమే ఉంది. లిఫ్టులు, లారీలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఇలాగే ఆర్డరును బట్టి తయారవుతున్నాయి.

డిజిటల్ కంపెనీని 1998లో కాంపాక్ కొనేసింది. అయినా ఆ ఆలోచన బతికే ఉంది.

6. ఇందులో మన సంగతేమిటి?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పాఠంలో మేము అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఇదే. నియమాలు ఆకాశం నుంచి ఊడిపడవు. చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నవాళ్ల దగ్గర నుంచి వస్తాయి. మనలో చాలామంది అమ్మానాన్నలు అలాంటివాళ్లే. మగ్గం, కొలిమి, మోటారు, తాపీ, చెప్పుల కుట్టు, ఏ పని అయినా అందులో వందల నియమాలుంటాయి. సర్టిఫికెట్ లేదని ఆ జ్ఞానాన్ని ఎవరూ లెక్కపెట్టరు. కానీ అది లేకుండా ఏ సాఫ్ట్‌వేరూ నిలబడదు.

నియమం తప్పుగా రాస్తే నష్టపోయేది ఎవరు? గదిలో కూర్చుని రాసినవాడు కాదు. సన్న కేబుల్ వేసి మోటారు కాలిపోతే రైతుకు పంట పోతుంది, అప్పు మిగులుతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తును కూడా కంప్యూటరు నియమాలతోనే చూస్తుంది. అమ్మానాన్నలు వలస వెళ్లిన పిల్లవాడి పరిస్థితి ఆ నియమాల్లో లేకపోతే, వాడి దరఖాస్తు ఆగిపోతుంది. నియమానికి అందని మనిషి ఎప్పుడూ ఒకడుంటాడు. వాడి కోసం, మనిషి చూసి నిర్ణయించే తలుపు ఒకటి తెరిచి ఉంచాలి. ఆ మనిషి కష్టం తెలిసినవాళ్లు నియమాలు రాసే గదిలో ఉంటే ఆ తలుపు గుర్తొస్తుంది. మీరు ఆ గదిలోకి వెళ్లాలని మా కోరిక.

అభ్యాసం

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పని తెలిసిన ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. దర్జీ కావచ్చు, వెల్డింగు షాపు అన్న కావచ్చు, అమ్మ కావచ్చు.

1. ఆర్డరు వచ్చినప్పుడు వాళ్లు ముందు ఏమేం అడుగుతారో రాయండి.
2. "ఇలా ఉంటే, అలా" అనే రూపంలో 10 నియమాలు రాయండి.
3. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు నియమాలను వెతకండి. అప్పుడేం చేస్తారో వాళ్లనే అడగండి.
4. మీ నియమాలకు అందని ఒక ఆర్డరు చెప్పమనండి.

నాలుగో దానికి వచ్చే జవాబును జాగ్రత్తగా రాసుకోండి. అసలు పాఠం అక్కడే ఉంటుంది. నోటు పుస్తకం చివర వాళ్ల పేరు రాయడం మరవకండి. ఆ నియమాలు వాళ్లవి.