పెద్దమనుషుల వరుసలో కూర్చుండబోవు మేనల్లునికి

కరీంనగరము



కులసంఘమువారు నిన్ను పెద్దమనుషుల వరుసలో కూర్చుండుమని పిలిచిరని మీ అమ్మ ఫోనులో చెప్పగా సంతసించితిని. పొలము గెట్ల తగవులను, అన్నదమ్ముల పంపకములను నీవు తీర్పగలవు. ఆలుమగల పంచాయితీ వచ్చిన దినమున ఏమి చేయుదువన్నదే నా చింత.

అది సాగు తీరు నీవెరుగనిది కాదు. ఉభయపక్షములవారును ధరావతు కట్టుదురు. మగవారందరు గద్దెపై ఆసీనులగుదురు. దెబ్బలు తిన్న ఆడకూతురు కొంగు నోటికడ్డము పెట్టుకొని గోడవార నిలుచుండగా, ఆమె మాట ఆమె అన్న చెప్పును, మగని మాట మగడే చెప్పుకొనును. చీకటి పడువరకు వాదములు నడచిన పిదప "పిల్లల మొఖం చూసి ఓర్సుకో బిడ్డా" అని ఒక వృద్ధుడనును. మగనికి జుర్మానా వేసి కాగితము వ్రాయింతురు. ఆ జుర్మానా ఎవరి సొమ్మో ఎవరును అడుగరు. మనవైపున అది ఆ ఇల్లాలు బీడీలు చుట్టి తెచ్చిన పైకమే అగుట అరుదు కాదు.

సంపాదన లేకనే స్త్రీ దెబ్బలు పడుచున్నదని ఉపన్యసించువారు మన సిరిసిల్ల, జగిత్యాల పల్లెలను చూచియుండరు. ఆదిలాబాదు అడవుల తునికాకును ఒడిలోని చాటలో పెట్టుకొని, దినమునకు వేయి బీడీలు తెగవలెనని మెడలు వంచి చుట్టుచు, గల్ఫునకు పోయిన మగని అప్పు సైతము తీర్చుచున్నవారు ఆ పల్లెల స్త్రీలే. బీడీల పని వచ్చిన పిల్లయని, పి.ఎఫ్. ఉన్న పిల్లయని వెదకి సంబంధములు కుదుర్చుకొనినవారును మనవారే. ఆమె చేతికి డబ్బు వచ్చినది గాని, ఆమెపై లేచు చేయి దిగలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణమున్నచో భర్త భార్యను కొట్టుట తప్పు కాదని మన రాష్ట్రమున నూటికి 84 మంది స్త్రీలును, సుమారు 70 మంది పురుషులును చెప్పిరి. ఆడవారే ఒప్పుకొనుచుండగా మనకేల యని కొందరు దీనిని సంబరముగా వల్లింతురు. బాల్యము నుండి గద్దెమీది తీర్పు ఒక్కటే విన్నవారు మరియేమి చెప్పుదురు?

భార్యను కొట్టుట అనాది ధర్మమని ఎవరైన అన్నచో, 1940వ దశకమున మార్లవాయి గోండుల నడుమ నివసించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫు వ్రాతలను తలచుకొనుము: అచట వరుని పక్షమువారే ఓలి ఇత్తురు, వితంతువు మారుమనువాడుట నింద్యము కాదు. ఓలి ఉన్నచోట దెబ్బ ఉండదని నేననను. ఆచారము మనుష్యులు చేసికొనినదే యని మాత్రమందును.

ఇక మన మగవారి కోపము ఎవరిపై లేచునో చూడుము. 2019 నవంబరు 24న లింగాపూర్ మండలమున, ఊరూర తిరిగి చిల్లర సామాను అమ్ముకొను నిరుపేద దళిత స్త్రీని ముగ్గురు చెరిచి చంపిరి. పోలీసులు ఆమెను సమత యనిరి. 2020 జనవరి 30న ఆదిలాబాదు ప్రత్యేక న్యాయస్థానము ఆ ముగ్గురికి మరణశిక్ష విధించినది. ఉరి తీయవలెనని ఆ దినములలో గొంతు చించుకొనిన మగవారిలో ఎందరో పొరుగింటి ఆక్రందన విని టీవీ ధ్వని పెంచువారే. పరాయి దుర్మార్గునిపై కోపము సులభము, నాయనా. పక్కన కూర్చున్న బావమరిదిపై కష్టము.

కావున ఆలుమగల పంచాయితీ వచ్చినచో నీవు మొదట ఆ ఇల్లాలికి కుర్చీ వేయింపుము. ఆమె మాట ఆమెనే, మగడు లేనిచోట, ఒక ఆడమనిషి తోడుండగా చెప్పనిమ్ము. ఠాణాకు పోనని ఆమెచే ఎన్నడును సంతకము చేయింపకుము. 2005 నాటి గృహహింస చట్టము, ఇల్లు ఎవరి పేర నున్నను, ఆమెకు అందు నివసించు హక్కునిచ్చినది. ప్రాణభయమున్నచో అది మీ తగవు కాదు. 181కు ఫోను చేయించి, సఖి కేంద్రమునకు నీవే తోడుపొమ్ము.

ఇక అసలు పని కల్లు మండువలో నున్నది. "ఆడిదాని మాట వింటవా" అని నలుగురు నవ్వుటచేతనే మన పిల్లలు ఇంటికి పోయి చేయి చేసికొందురు. ఆ నవ్వులో నీవు కలియక, అక్కడనే, అందరి యెదుటనే అడ్డుపడుము. గద్దెపై ఇద్దరు ఆడవారినైన కూర్చుండబెట్టుమని సంఘమును అడుగుము. ఒప్పుకొననిచో ఆలుమగల తగవులకు నేను రానని లేచి రమ్ము. అందుకు నీకే జుర్మానా వేసిరా, ఆ పైకము నేను పంపెదను.

మీ మామ