వీరుని రెండవ కథ

ఒక కథ లోకమునకు నచ్చినపుడు, 'తరువాత ఏమయ్యెను?' అని అడుగుట శ్రోతలకు సహజము. ఆ ప్రశ్నకు సమాధానముగ పుట్టునదే ఉత్తరకథ. భవభూతి మహాకవి శ్రీరాముని పూర్వకథను 'మహావీరచరితము' అను నాటకముగ రచించి, తరువాతి కథను 'ఉత్తరరామచరితము'గ రచించెను. మొదటిదానియందు యుద్ధములును పరాక్రమములును మెండు. రెండవదానియందు రావణుడు లేడు. సీతను విడిచిన రాముని దుఃఖమే దానికి ప్రాణము. అయినను పండితులు రెండవదానినే ఎక్కువగ మెచ్చుకొనిరి.

కాలము మారినను ఈ ముచ్చట మారలేదు. అమెరికా దేశమున తయారగు సూపర్‌హీరో చలనచిత్రములను నేడు లోకమంతట పిన్నలు పెద్దలు చూచుచున్నారు. ఒక చిత్రము విజయము పొందినంతనే నిర్మాతలు రెండవదానికి పూనుకొందురు. అట్టివానిలో కొన్ని మొదటిదానిని మించును; కొన్ని ప్రేక్షకులను ఉసూరుమనిపించును. ఈ భేదమెట్లు కలుగునో తెలిసికొనుటకు స్పైడర్‌మాన్ చిత్రములు మిక్కిలి తగినవి. ఏలయన ఒకే దర్శకుడు, ఒకే కథానాయకుడు కలిసి రెండు ఫలితములను చవిచూచిరి.

స్పైడర్‌మాన్ 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అనువారి చేతులలో బొమ్మల కథగ పుట్టెను. పీటర్ పార్కర్ అను పేద విద్యార్థిని ఒక వింత సాలెపురుగు కరచును. ఆ కాటువలన అతనికి గోడలు ప్రాకు శక్తియు, మహాబలమును కలుగును. శక్తి వచ్చిన క్రొత్తలో అతడు, తన కన్నుల యెదుటనే పారిపోవుచున్న దొంగను 'నాకేల?' అని విడిచిపెట్టును. ఆ దొంగయే పీటరును పెంచిన పెత్తండ్రి బెన్‌ను చంపును. నాటి అలసత్వమే పీటరును జీవితాంతము వెంటాడును. కథకు పునాదిరాయి ఇదియే. సామ్ రైమీ అను దర్శకుడు 2002లో దీనిని చిత్రముగ తీసెను; టోబీ మాగ్వయిర్ పీటరుగ నటించెను.

2004లో రెండవ చిత్రము వచ్చెను. దాని ఆరంభమున వీరుడు ఏమి చేయుచున్నాడు? లోకమును రక్షించుట కాదు, ఇంటింటికి పిజ్జాలు మోయుచున్నాడు! దారిలో పసివారిని ఆపదనుండి కాపాడుటచే ఆలస్యమై ఆ ఉద్యోగము ఊడును. ఇంటి అద్దె బాకీ పడును. తరగతులకు పోనందున ఆచార్యుడు మందలించును. తాను ప్రేమించిన మేరీ జేన్ నటించు నాటకమునకు పరుగున పోయినను, వేళ మించినదని ద్వారముకడ నున్నవాడు లోనికి రానీయడు. పరులకు చేయు ప్రతి ఉపకారమునకును అతడు తన బ్రతుకునుండి వెల చెల్లించుచున్నాడు. తుదకు మనసు విరిగి శక్తులే సన్నగిల్లగా, ఆ వేషమును చెత్తకుండీలో పారవైచి పోవును. 1967నాటి బొమ్మల కథలోనిదే ఈ సన్నివేశము. దర్శకుడు దానిని గుర్తెరిగి తీసికొనెను.

పిమ్మట వచ్చు ఘట్టములు రెండు మరపురానివి. పెత్తండ్రి మరణమునకు తానే కారణమని పీటర్ తన పెత్తల్లి మేతో చెప్పును. ఆమె కేకలు వేయదు, నిందింపదు. అతని చేతిలోని తన చేతిని మెల్లగ తీసికొని, మారు పలుకక మేడమెట్లు ఎక్కి పోవును. ఎన్ని మేడలు కూలినను అంతటి చప్పుడు వినరాదు. రెండవది రైలు ఘట్టము. పట్టాలు ముగియుచోట పడిపోనున్న రైలుబండిని అతడు తన దేహమును అడ్డుపెట్టి ఆపి, సొమ్మసిల్లును. ప్రయాణికులు అతనిని చేతులమీదుగ లోనికి చేర్చి, ముసుగు లేని ఆ మొగమును చూచి నివ్వెరపోవుదురు. తమ బిడ్డల యీడు కుర్రవాడు! ఎవరితోను చెప్పమని మాటయిచ్చి, బాలకులు ఆ ముసుగును అతనికి తిరిగి యిత్తురు.

శత్రువును వట్టి రాక్షసుడు కాడు. ఆక్టేవియస్ గొప్ప శాస్త్రజ్ఞుడు, పీటరునకు గురుతుల్యుడు. ప్రయోగము వికటించి భార్య మరణింపగా, వెన్నునకు అతుకుకొనిపోయిన నాలుగు ఇనుప చేతులు అతని బుద్ధిని లోబరచుకొనును. చివరకు తెలివి తెచ్చుకొని, తన యంత్రమును నదిలో ముంచి తానును మునిగిపోవును. ఆల్ఫ్రెడ్ మొలీనా ఈ పాత్రను ధరించెను. దృశ్య మాయలకుగాను ఈ చిత్రమునకు ఆస్కార్ బహుమానము లభించినది; కాని చూచినవారు ఆ మాయలకన్న ఆ మనుష్యులనే తలచుకొందురు.

2007లో మూడవ చిత్రము వచ్చెను. ధనమునకు కొదువలేదు, నటులు వారే, దర్శకుడు వాడే. అయినను పట్టు తప్పెను. శత్రువులు ముగ్గురైరి. వారిలో వెనమ్ అను పాత్రపై దర్శకునకు మొదట మక్కువ లేదు. నిర్మాత పట్టుబట్టగా చేర్చెను. ఆ లోపము తెరపై కనబడును. వెనమ్ చివరి భాగమున హడావిడిగ వచ్చి పోవును. ఇసుక మనిషి పుట్టుక మాత్రము చక్కనిది: చెల్లాచెదరైన రేణువులు కూడుకొని చేయిగ మారి, జబ్బుపడిన కూతురి పతకమును అందుకొనుటకు తడబడును. అంతటి కథను సాగనీయక మరియొక కథ, దానిపై వేరొకటి వచ్చి పడినవి. అంతకన్న పెద్ద దోషము మరియొకటి కలదు. పెత్తండ్రిని చంపినది వెనుకటి దొంగ కాడనియు, ఈ ఇసుక మనిషియే యనియు క్రొత్తగ చెప్పిరి. పునాదిరాయిని కదలించిన ఇల్లు బీటలువారక తప్పునా?

డబ్బు లెక్కలు వేరుగ పలుకును. రెండవ చిత్రము సుమారు 79 కోట్ల డాలర్లు ఆర్జింపగా, మూడవది 89 కోట్లు తెచ్చెను. ప్రేక్షకులు రెండవదానిమీది నమ్మకముతో మూడవదానికి టికెట్లు కొనిరని తలచిన ఇందులో వింత లేదు.

ముగ్గురు శత్రువులు ఎక్కువైరని చెప్పినంత మాత్రమున లెక్కయే దోషమని తలపరాదు. 2021లో వచ్చిన మరియొక స్పైడర్‌మాన్ చిత్రమున ఐదుగురు శత్రువులు కలరు. అయినను అది జనులను మెప్పించెను. వారిని చంపుట కాక, వారి రోగమును కుదుర్చుట సాధ్యమా అను ఒకే ప్రశ్న ఐదుగురిని కలిపి కట్టెను. అందులో మొలీనా పదునేడేండ్ల తరువాత మరల ఆక్టేవియస్‌గ వచ్చెను. ఈ చిత్రమునందలి చిన్నవాడగు పీటర్ ఇనుప చేతుల పట్టునుండి ఆ శాస్త్రజ్ఞుని బుద్ధిని విడిపించును. పిమ్మట వెనుకటి పీటర్, ఇపుడు వయసు మీరిన మాగ్వయిర్, ఎదుటికి వచ్చి నిలిచినపుడు, ఆ గురువు అతనిని ఆప్యాయముగ కుశలమడుగును.