‘సారీ’ యను మాట

నేఁడు తిరుపతి, చిత్తూరు వీథులలో ‘సారీ’ యను మాట వినఁబడని దినము లేదు. కావున దాని యర్థభేదములను మేమిచట వివరింపఁ దలఁచితిమి.

ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘సారిగ్’. బాధతోఁ గూడినవాఁడని యర్థము. నొప్పిని దెలుపు ‘సోర్’ అను పదము దీనికి జ్ఞాతి. దుఃఖార్థకమైన ‘సారో’ పుట్టుకచే వేఱు.

మిత్రుని తండ్రి మరణించెనని విని ‘ఐ యామ్ సారీ’ యన్నచో ‘మిగుల విచారించుచున్నాను’ అని భావము. దానిని ‘క్షమింపుము’ అని తెనిఁగించుట తగదు. ‘ఐ యామ్ సారీ ఫర్ హిమ్’ అన్నచో జాలి. ‘ఎ సారీ స్టేట్’ అన్నచో దీనస్థితి. బడికి ఆలస్యముగా వచ్చి పలికినపుడు క్షమాప్రార్థనము.

మన ‘మన్నించు’ అను క్రియకు గౌరవించుట, క్షమించుట యని రెండర్థములు. పొరుగు తమిళులును క్షమాపణకు నీ ధాతువునే వాడుదురు. ‘సారీ’ పలికినవాని బాధను దెలుపును. ‘మన్నింపుఁడు’ ఎదుటివాని పెద్దఱికమును దలఁచును. ఒరులకుఁ గాలు దగిలినచో మనవారు వారిని దాఁకి చేతిని గన్నుల కద్దుకొనుటయు నిట్టిదే.

విద్యార్థులారా! ఒరులను నొప్పించినపుడు ఒక్క ‘సారీ’తో ఋణము దీఱెనని తలఁపకుఁడు. చేసిన తప్పిదమును బేర్కొని మన్నింపు వేఁడుఁడు.