పైకప్పు పలకల లెక్క

హైదరాబాదు నగరానికి ఉత్తరాన, నాగపూర్ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు చెరువులకు, ద్రాక్షతోటలకు పేరుపడిన ప్రాంతమిది. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో ప్రారంభమైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం, తుర్కపల్లి పరిసరాల్లోని జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు ఈ నేలపైనే వెలిశాయి. 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఊళ్ళతోపాటు ఇళ్ళ కప్పులు కూడా మారాయి.

పాత ఇళ్ళకు టేకు దూలాలు, వాసాలు, వాటిపై గూనపెంకులు ఉండేవి. పెంకు మీద పెంకు కొంత ఎక్కవలసి ఉంటుంది కనుక ఇంటి వైశాల్యాన్ని పెంకు వైశాల్యంతో భాగిస్తే లెక్క తేలేది కాదు. పైగా కోతులు ఉండనే ఉన్నాయి. అందుచేత పెంకులు నేసేవాడు లెక్కకు మించి మరికొన్ని తెప్పించమనేవాడు. దానిని దుబారా అనడం న్యాయం కాదు.

నేడు కాంక్రీటు స్లాబు కింద లోహపు చట్రాన్ని వేలాడదీసి, దాని గడులలో తేలికపాటి పలకలు అమరుస్తున్నారు. దీనినే ఫాల్స్ సీలింగ్ అంటారు. స్లాబుకు, పలకకు నడుమనున్న గాలిపొర వేసవి వేడిని కొంత అడ్డుతుంది. తీగలు, గొట్టాలు కంటికి కనబడవు.

ఈ పలకను బజారులో ‘రెండడుగుల పలక’ అని పిలుస్తారు. చిక్కంతా ఆ పేరులోనే ఉన్నది. రెండడుగులంటే దాదాపు 61 సెంటీమీటర్లు. చట్రపు గడి మాత్రం 60 సెంటీమీటర్లే. ఒక్క పలక విషయంలో ఈ తేడా లెక్కకు రాదు. గది పొడవునా పలకలు పేర్చినప్పుడు అది బయటపడుతుంది.

శామీర్‌పేట సమీపాన ఒక గ్రామ గ్రంథాలయపు గది 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు కలదనుకొంటే, దాని వైశాల్యం 374 చదరపు అడుగులు. పలకకు 4 చదరపు అడుగుల చొప్పున భాగిస్తే 94 పలకలు సరిపోవాలి. పెట్టెకు 12 పలకలుంటే 8 పెట్టెలు చాలునని కాగితం చెబుతుంది.

మేస్త్రి లెక్క వేరు. అతడు గోడలు కొలవడంతో సరిపెట్టుకోడు. మూల నుండి మూలకు రెండు కర్ణాలనూ కొలుస్తాడు. ఈ గదికి అవి రెండూ సుమారు 8.47 మీటర్లు రావాలి. అలా రాకపోతే మూలలు లంబకోణాలు కావన్నమాట. అప్పుడు అంచు పలకలను ఒక్కొక్కదానినీ విడిగా కొలిచి కోయవలసిందే.

తరువాత గడులు. గది పొడవు 670 సెంటీమీటర్లు. 11 నిండు గడులు పోగా మిగిలేది 10. దానిని రెండు వైపులకూ పంచితే 5 సెంటీమీటర్ల సన్నని పేలికలు వస్తాయి. అవి చూపుకు బాగుండవు, కోసేటప్పుడే విరుగుతాయి. అంచు ముక్క సగం పలక కన్న చిన్నదిగా ఉండరాదన్నది పనివారి నియమం. కాబట్టి మేస్త్రి ఒక నిండు గడిని వదలుకొని 10 గడులే ఉంచి, మిగిలిన 70 సెంటీమీటర్లను ఇటు 35, అటు 35గా పంచుతాడు. మొత్తం 12 వరుసలు. వెడల్పు 518 సెంటీమీటర్లు. నడుమ 7 నిండు గడులు, అంచులకు 49 చొప్పున రెండు, వెరసి 9 వరుసలు. పన్నెండు తొమ్మిదుల నూట ఎనిమిది. అంచు నుండి కోసిన తునక మరొక అంచుకు చాలదు గనుక ప్రతి గడికీ ఒక పూర్తి పలక కేటాయించవలసిందే.

నాలుగు గడులలో దీపపు పలకలు బిగిస్తే 104 మిగులుతాయి. కోతలో, మోతలో విరిగేవాటికి నూటికి అయిదు చొప్పున 6 కలిపితే 110. అంటే 10 పెట్టెలు.

కాగితపు లెక్కను నమ్మి 8 పెట్టెలే తెచ్చినవారికి, ఒక్క పలక విరగకపోయినా ఎనిమిది గడులు బోసిగా మిగులుతాయి. మళ్ళీ సికింద్రాబాదు రాణిగంజ్ బజారుకు వెళ్ళాలి. పనివారికి ఆనాటి కూలి వృథాగా పోతుంది. కొత్త పెట్టె వేరొక దఫాలో తయారైనదైతే దాని తెలుపు పాత తెలుపుతో కలవకపోవచ్చు. చదువుకోవడానికి వచ్చినవారి కళ్ళు అదేపనిగా అక్కడికే పోతాయి.

ఇటువంటి లెక్కలు మన పూర్వులకు కొత్తవి కావు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహంలో, కట్టడానికి పట్టే ఇటుకల లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు.

చివరకు మిగిలిన పలకలను పారవేయరాదు. వానాకాలంలో స్లాబు కారితే పలకపై గోధుమరంగు మరక పడుతుంది. ఆ ఒక్కదానిని చట్రంలోనికి పైకెత్తి, ఏటవాలుగా కిందికి దింపి, మూలనున్న పెట్టెలోంచి అదే దఫాకు చెందిన మరొక పలక అమర్చడానికి నిచ్చెన ఎక్కి దిగినంతసేపు చాలు.