శాతాల పట్టికలో సున్నా వస్తే ఏం చేయాలి?

మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమన్ను శాతాలు కలిపితే 100 రావాలి. ఒకటి పెరిగితే మరొకటి తగ్గక తప్పదు. అందుకే ఇలాంటి లెక్కల్లో విడివిడి శాతాలకంటే వాటి నిష్పత్తులనే చూడాలని, ఆ నిష్పత్తులకు లాగరిథమ్ తీసుకోవాలని స్కాట్లండ్ గణాంకవేత్త జాన్ ఐచిసన్ 1982లో ప్రతిపాదించాడు. చిక్కల్లా సున్నాతోనే. సున్నాకు లాగరిథమ్ లేదు, సున్నాతో భాగించనూ లేం.

ముందుగా ఆ సున్నా ఎందుకు వచ్చిందో తేల్చుకోండి. నా దృష్టిలో అసలు పని ఇదే. సాఫ్ట్‌వేర్ తెరవకముందే, కొలిచినవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

పొగతాగని ఇంటి ఖర్చుల్లో సిగరెట్ల వాటా నిజంగానే సున్నా. దాని స్థానంలో ఏ అంకె పెట్టినా అబద్ధమే. అలాంటి ఇళ్లను వేరే గుంపుగా లెక్కించండి. లేదా, మీ ప్రశ్నకు భంగం రాకపోతే, ఆ పద్దును మరో పద్దులో కలిపేయండి.

పరికరం పట్టలేనంత తక్కువగా ఉండి సున్నా పడితే దారి వేరు. ఇసుక 60, ఒండ్రు 40, బంకమన్ను 0 అని వచ్చిందనుకుందాం. మన పద్ధతి 1 శాతం కంటే తక్కువను పట్టలేదు. ఆ పరిమితిలో 0.65 వంతు తీసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. కాబట్టి బంకమన్నుకు 0.65 రాయండి. ఈ 0.65ను మిగతావాటి నుంచి వాటి వాటా ప్రకారం తీయాలి. అంటే 60ని, 40ని 0.9935తో గుణించాలి. 59.61, 39.74, 0.65 వస్తాయి. మొత్తం 100. ఇసుకకూ ఒండ్రుకూ మధ్య నిష్పత్తి మునుపటిలాగే 1.5.

చాలామంది తొందరలో అన్ని గడులకూ ఒకే చిన్న అంకె కలిపేస్తారు. ఇక్కడ అన్నిటికీ 0.65 కలిపి చూడండి: 60.65ను 40.65తో భాగిస్తే 1.492. సున్నా లేని భాగాల నిష్పత్తి కూడా చెడింది! దయచేసి ఆ పని చేయకండి.

పేగుల్లోని బ్యాక్టీరియాను లెక్కపెట్టినప్పుడు పడే సున్నా మూడో రకం. నమూనా చిన్నదై అరుదైన జాతి దొరక్కపోయి ఉండవచ్చు. దీనికి బేసియన్ పద్ధతి నప్పుతుంది. ఆర్ భాషలోని జెడ్‌కంపోజిషన్స్ ప్యాకేజీలో అది సిద్ధంగా ఉంది.

సున్నాలు మరీ ఎక్కువగా ఉన్న పట్టికలో మాత్రం పూరించిన అంకెలే ఫలితాన్ని నడిపిస్తాయి. అలాగని సున్నాలున్న వరుసలను తీసిపారేయకండి, నమూనా ఒకవైపుకు ఒరిగిపోతుంది. 0.65కు బదులు 0.5, 0.8 పెట్టి మొత్తం లెక్క మళ్లీ చేయండి. ముగింపు మారితే ఆ సంగతి నివేదికలోనే రాయండి, ఏ సున్నాను ఏ అంకెతో పూరించారో కూడా పక్కనే చూపండి.