సెలవులలో నజరేతు
(లూకా 2:41–52, 4:16 చదువుడి)

వేసవిలో కళాశాలలు మూయగానే మన బిడ్డలు గ్రామములకు తిరిగి వచ్చుదురు. హాస్టలులో ప్రార్థన కూటమునకు పిలిచిన స్నేహితుడు ఇక్కడ లేడు. రాత్రి పొద్దుపోవువరకు ఫోను. ఉదయము ఎండ వచ్చువరకు నిద్ర. ఆదివారము గుడిగంట మ్రోగునప్పుడు, “ఆ పాత పాటలే గదా, చదువురాని పెద్దల ప్రార్థనలే గదా” అను తలంపు పుట్టును. విశ్వాసము చల్లారుట అనేకసారులు ఇక్కడనే మొదలగును. నాస్తికుల పుస్తకములవలన కలుగు నష్టము దీనికంటె తక్కువేయని నా అభిప్రాయము.

12 ఏండ్ల ప్రాయమున యేసు యెరూషలేము దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నించుచుండెను. ఆయన తెలివికి అందరును ఆశ్చర్యపడిరి. అటుపిమ్మట ఆయన నజరేతను చిన్న ఊరికి వచ్చి తలిదండ్రులకు విధేయుడై జీవించెను. ఆయన చెప్పినది వారికి బోధపడలేదని లూకా దాచక వ్రాసెను. తన మాట అర్థముకాని పెద్దలకు విధేయుడగుట! విద్యార్థికి ఇంతకంటె కష్టమైన పాఠము ఏ కళాశాలలోను లేదు. పెద్దవాడై ఆ ఊరికి మరల వచ్చినప్పుడును ఆయన వాడుక మానక సమాజమందిరమునకు వెళ్లి, అక్కడ లేఖనము చదివెను.

కాబట్టి తమ్ములారా, చెల్లెండ్రారా, ఇంటి ప్రార్థనలో అధ్యాయము మీరే చదువుడి. అక్షరములు రాని అవ్వకు వినబడునట్లు మెల్లగా చదువుడి. ఆమె సాక్ష్యము చెప్పినయెడల ఓపికతో వినుడి. సెలవు బైబిలు పాఠశాలలో చిన్నపిల్లలకు నేర్పువారు మాకు ఎప్పుడును చాలరు.

తలిదండ్రులారా, బిడ్డ సందేహమడిగినయెడల “చదివి చెడిపోతివి” అనకుడి. దేవాలయములో ప్రశ్నలడిగిన బాలుని ఆ బోధకులు గద్దించినట్లు వ్రాయబడలేదు. మీకు జవాబు తోచనియెడల సాయంకాలము వానిని నాయొద్దకు పంపుడి.